పేరు చెబితే గది చూపే వాచ్‌మన్: స్కూలు నెట్‌వర్కులో చిరునామాల మళ్ళింపు



మన తెలుగు బడిలో కంప్యూటర్ల గురించి మాట వచ్చినప్పుడల్లా మూడు ప్రశ్నలు వినపడుతుంటాయి. "ఇంట్లో చక్కగా వచ్చే తెలుగు పద్యాల వీడియో స్కూలు కంప్యూటర్లో ఎందుకు రాదండీ?" అని కొందరు అడుగుతారు. "స్కూల్లో చెడ్డవన్నీ ఆపేస్తారట కదా, ఇక మనకి బెంగ లేదుగా?" అని మరికొందరు. "అంకుల్, నేను ఏం చూస్తున్నానో మా మిస్‌కి తెలిసిపోతుందా?" అని పిల్లలు. ఈ మూడింటికీ జవాబు ఒకేచోట మొదలవుతుంది. ఆ చోటు పేరు డొమైన్ నేమ్ సిస్టమ్, పొట్టిగా డీఎన్‌ఎస్. పేరు వినగానే ఇది ఇంజనీర్ల గొడవ అని పేజీ తిప్పేయకండి. హాస్టల్లో ఉన్నవాళ్ళకి, హాస్టల్‌కి చుట్టాన్ని చూడటానికి వెళ్ళినవాళ్ళకి ఇది బాగా తెలిసిన విషయమే!

పేర్లు మనకి, నంబర్లు యంత్రాలకి

మన ఊళ్ళలో ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ గుర్తు తెచ్చుకోండి. గేటు దగ్గర కుర్చీలో వాచ్‌మన్ కూర్చుని ఉంటాడు. ఊరి నుంచి వచ్చిన బాబాయి గారు "మా రమేష్ ఏ గదిలో ఉంటాడు బాబూ?" అని అడుగుతారు. వాచ్‌మన్ రిజిస్టరు చూసి "రెండో అంతస్తు, 214" అంటాడు. బాబాయి గారు మెట్లెక్కి వెళ్ళిపోతారు. వాచ్‌మన్ పని అంతటితో సరి. గదిలో వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో అతనికి తెలియదు.

ఇంటర్నెట్‌లోనూ అంతే. మనం బ్రౌజర్లో గూగుల్ డాట్ కామ్ అని పేరు కొడతాం. కానీ యంత్రాలు ఒకదాన్నొకటి చేరుకోవడానికి కావలసింది పేరు కాదు, 216.239.38.120 లాంటి నంబరు. దీన్ని ఐపీ అడ్రస్ అంటారు. పేరు ఇస్తే నంబరు చెప్పే వాచ్‌మన్‌ని రిజాల్వర్ అంటారు. స్కూలు నెట్‌వర్కులోకి ఒక కంప్యూటర్ చేరగానే "ఇక్కడ వాచ్‌మన్ ఫలానా, ఏ పేరు కావాలన్నా ఇతన్నే అడుగు" అని నెట్‌వర్కే చెబుతుంది. ఇంట్లో అయితే ఆ మాట మీ బ్రాడ్‌బాండ్ రౌటర్ చెబుతుంది.

ప్రపంచంలో ఉన్న పేర్లన్నీ ఒక్క వాచ్‌మన్ రిజిస్టరులో పట్టవు కదా. అందుకని అతనికి తెలియనిది పైవాళ్ళని అడుగుతాడు. అందరికన్నా పైన రూట్ సర్వర్లు ఉంటాయి. వాటికి ఏ నుంచి ఎమ్ వరకు 13 అక్షరాల పేర్లు. అందులో 'కె' అనే రూట్ సర్వర్ 1997లో మన లండన్‌లోనే మొదలైంది. రూట్ సర్వర్ "డాట్ యూకే సంగతి నామినెట్‌ని అడుగు" అంటుంది. నామినెట్ సర్వర్ "ఈ స్కూలు వివరాలు ఫలానా చోట అడుగు" అంటుంది. అలా మెట్టు మెట్టు దిగి అసలు నంబరు దొరుకుతుంది. ఇదంతా మామూలుగా సెకనులో చిన్న భాగంలో అయిపోతుంది. దొరికిన నంబరును వాచ్‌మన్ పలక మీద రాసి పెట్టుకుంటాడు. ఎంతసేపు ఉంచుకోవచ్చో కూడా ఆ జవాబులోనే ఉంటుంది. ఆ గడువు తీరేదాకా మళ్ళీ అడిగినవాళ్ళకి పలక చూసే చెబుతాడు. "ఆ సైటు ఇప్పుడే తెరిచాం" అని స్కూలు వాళ్ళు చెప్పినా కాసేపటి దాకా రాకపోవడానికి ఒక కారణం ఈ పలకే!

కాస్త చరిత్ర

మొదట్లో ఇంటర్నెట్‌కి ముందున్న నెట్‌వర్కులో పేర్లన్నీ ఒకే ఒక్క ఫైలులో ఉండేవి. దాన్ని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడ బృందం నిర్వహించేది. కొత్త కంప్యూటర్ చేరితే వాళ్ళకి తెలియజేయాలి, వాళ్ళు ఫైలులో రాయాలి, మిగతావాళ్ళందరూ ఆ ఫైలు కాపీ తెచ్చుకోవాలి. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఇది మోయలేని బరువైంది. 1983లో పాల్ మాకపెట్రిస్ ఈ పనిని మెట్లుగా విడగొట్టి, ఎవరి పేర్లు వాళ్ళే చూసుకునే పద్ధతి తయారు చేశారు. ఈనాటికీ మనం వాడుతున్న డీఎన్‌ఎస్ అదే. ఆ పాత ఫైలు వాసన ఇంకా పోలేదు. విండోస్ కంప్యూటర్లో ఇప్పటికీ హోస్ట్స్ అనే చిన్న ఫైలు ఉంటుంది. అందులో ఒక పేరు, ఒక నంబరు రాస్తే, మామూలుగా కంప్యూటర్ వాచ్‌మన్‌ని అడగకుండా దాన్నే నమ్ముతుంది.

బ్రిటన్ కథ ఇంకా సరదాగా ఉంటుంది. ఇక్కడి విశ్వవిద్యాలయాల కోసం 1984లో జానెట్ అనే నెట్‌వర్కు మొదలైంది. అందులో పేర్లు రాసే వరుస తలకిందులు! అమెరికా పద్ధతిలో చిన్నది ముందు, దేశం చివర. జానెట్‌లో యూకే ముందు, తరవాత విద్యాసంస్థల గుర్తు, తరవాత కాలేజీ. అంటే మనం ఇంటిపేరు ముందు, అసలు పేరు తరవాత రాసుకుంటామే, అచ్చం అలాగే. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏదో, పేరు ఏదో చెప్పలేక తికమకపడ్డ మన వాళ్ళకి ఆ ఇంజనీర్ల కష్టం వెంటనే అర్థమవుతుంది. చివరికి బ్రిటన్ కూడా ప్రపంచం దారికే వచ్చింది. 1996లో నామినెట్ సంస్థ ఏర్పడి డాట్ యూకే పేర్లు చూసుకోవడం మొదలుపెట్టింది. స్కూళ్ళకి ప్రత్యేకంగా డాట్ ఎస్‌సీహెచ్ డాట్ యూకే అనే వీధి ఉంది. పిల్లలూ, మీ స్కూలు వెబ్‌సైటు పేరు చివర అది ఉందేమో చూడండి. ఉంటే దానికి ముందు సాధారణంగా మీ కౌంటీ పేరో కౌన్సిల్ పేరో కూడా కనిపిస్తుంది. మన ఊరి అడ్రసులో గ్రామం, మండలం, జిల్లా వచ్చినట్టన్నమాట.

వాచ్‌మన్ జవాబు మారిస్తే?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. స్కూలు వాచ్‌మన్ స్కూలు మాట వింటాడు. కనక కొన్ని పేర్లకి పైవాళ్ళని అడగకుండా, స్కూలు చెప్పమన్న జవాబే చెబుతాడు. దీన్నే డీఎన్‌ఎస్ ఓవర్‌రైడ్ అంటారు. మనం మళ్ళింపు అనుకుందాం. ఇందులో ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది, లోపలివాళ్ళకో జవాబు, బయటివాళ్ళకో జవాబు. స్కూల్లో ఫైళ్ళు దాచే సర్వర్ ఉంటుంది. స్కూల్లో ఉండి దాని పేరు అడిగితే 10 తో మొదలయ్యే లోపలి నంబరు వస్తుంది. ఇంటి నుంచి అదే పేరు అడిగితే బయటి నంబరు వస్తుంది, లేదా ఏమీ రాదు. ఇందులో దాపరికం ఏమీ లేదు, సౌకర్యం కోసమే.

రెండోది, "అలాంటివాళ్ళెవరూ ఇక్కడ లేరు" అని చెప్పేయడం. జూదం సైట్లు, వైరస్‌లు పంచే సైట్లు, దొంగ బ్యాంకు సైట్ల పేర్లు ఒక జాబితాలో ఉంటాయి. వాటి పేరు అడిగితే వాచ్‌మన్ లేదంటాడు. మన ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ ఎన్‌సీఎస్‌సీ 2017లో ప్రభుత్వ కార్యాలయాల కోసం ఇలాంటి రక్షణ వాచ్‌మన్‌ని ఏర్పాటు చేసింది. తరవాత స్కూళ్ళకి కూడా దాన్ని అందుబాటులోకి తెచ్చింది.

మూడోది, ఒకరి కోసం అడిగితే వేరే గది చూపించడం. ఇదే అన్నింటిలోకీ ఆసక్తికరమైనది. దీనికి గూగుల్‌ని మించిన ఉదాహరణ లేదు.

గూగుల్ రెండో గది

2010 మే నెలలో గూగుల్ తన వెతుకులాటకి గుప్తలిపి రక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. అంటే మీరు ఏం వెతుకుతున్నారో మధ్యలో ఎవరూ చదవలేరు. అందరికీ మంచిదే. కానీ స్కూళ్ళకి ఇబ్బంది వచ్చింది. అంతవరకు పిల్లలు వెతికే మాటలు చూసి చెడ్డవాటిని ఆపే ఫిల్టర్లకి ఒక్కసారిగా కళ్ళు కనపడకుండా పోయాయి. పోనీ గూగుల్‌నే ఆపుదామంటే హోంవర్కు ఆగిపోతుంది! కొన్నాళ్ళపాటు గూగుల్ స్కూళ్ళ కోసం గుప్తలిపి లేని దారి ఒకటి ఉంచింది. దాని పేరుకి మళ్ళిస్తే పాత పద్ధతిలో పనిచేసేది. అయితే అందరి రక్షణా తగ్గించే దారి ఎన్నాళ్ళు ఉంచుతారు? 2014 అక్టోబరులో ఆ దారి మూసేస్తున్నామని చెప్పి, బదులుగా వేరే దారి చూపించారు.

ఆ దారి ఇది. గూగుల్ దగ్గర ఫోర్స్ సేఫ్‌సెర్చ్ అనే పేరుతో ఒక ప్రత్యేకమైన గది ఉంది. నంబరు 216.239.38.120. స్కూలు వాచ్‌మన్ గూగుల్ డాట్ కామ్ అని అడిగినవాళ్ళందరికీ మామూలు నంబరు కాకుండా ఈ నంబరు చెబుతాడు. ఆ గదిలో ఉన్నది కూడా గూగులే. కాకపోతే అక్కడికి వచ్చినవాళ్ళందరికీ అశ్లీల చిత్రాల్లాంటివి వడగట్టి చూపిస్తుంది. సెట్టింగులలోకి వెళ్ళి దాన్ని తీసేయడం పిల్లల చేతిలో ఉండదు. గుప్తలిపి కూడా అలాగే ఉంటుంది. బింగ్ కూడా ఇలాంటి గది ఇస్తోంది. యూట్యూబ్‌లో అయితే గట్టి వడపోతకొకటి, మధ్యస్థంగా ఒకటి, రెండు గదులు. అక్కడికి పంపాలంటే ఐదు పేర్లు మళ్ళించాలి. ఒక్కటి మరిచిపోయినా వడపోతకి ఆ మేరకు కన్నం పడినట్టే.

గూగుల్‌కి దేశానికో పేరు ఉంది కదా. డాట్ కామ్, డాట్ కో డాట్ యూకే రెండూ మళ్ళించి ఊరుకుంటే చాలదు. మన పిల్లలు అమ్మమ్మగారింట్లో అలవాటైన డాట్ కో డాట్ ఇన్ కొట్టవచ్చు. అందుకే గూగుల్ తన పేర్లన్నిటి జాబితా ప్రచురించి, అన్నిటినీ మళ్ళించమంటుంది. 2025 ఏప్రిల్‌లో దేశాల పేర్లన్నిటినీ క్రమంగా డాట్ కామ్‌కే పంపుతామని గూగుల్ ప్రకటించింది. దానితో ఈ చిక్కు కొంత తగ్గుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి సగం జవాబు దొరికింది. ఇంట్లో వచ్చే పద్యాల వీడియో స్కూల్లో రాలేదంటే, బహుశా అక్కడ మీరు వెళ్ళింది యూట్యూబ్ వడపోత గదికి. ఆ వడపోత చాలావరకు యంత్రం చేసే నిర్ణయం. పెద్దవాళ్ళకి మాత్రమే తగినదని యంత్రం అనుమానించినవి అక్కడ కనపడవు. వీడియోల కింద వ్యాఖ్యలు కూడా కనపడవు. పద్యంలో తప్పేమీ లేదు, టీచరు మీద కోపం పెట్టుకోవలసిన పనీ లేదు.

గుర్తింపు కార్డు సంగతి

"అయితే ఏ పేరునైనా ఎక్కడికైనా మళ్ళించవచ్చా? రేపు ఎవరైనా నా బ్యాంకు పేరు అడిగితే దొంగ గది చూపిస్తే?" అని మీకు అనుమానం రావాలి. వస్తే మీరు సగం ఇంజనీరు అయిపోయినట్టే!

దీనికి విరుగుడు గది తలుపు దగ్గర ఉంది. బ్రౌజర్ గది తలుపు తట్టగానే "ముందు గుర్తింపు కార్డు చూపించు" అంటుంది. ఆ కార్డుని సర్టిఫికేట్ అంటారు. తాను అడిగిన పేరు కార్డు మీద ఉండాలి, కార్డు ఇచ్చినవాళ్ళు నమ్మకమైనవాళ్ళయి ఉండాలి. గూగుల్ వడపోత గది గూగుల్ సొంతం కాబట్టి గూగుల్ కార్డే చూపిస్తుంది. బ్రౌజర్ సంతోషంగా లోపలికి వెళుతుంది. మీ బ్యాంకు పేరుతో ఇంకో గదికి పంపితే అక్కడివాళ్ళ దగ్గర మీ బ్యాంకు కార్డు ఉండదు. బ్రౌజర్ వెంటనే తెర నిండా హెచ్చరిక చూపిస్తుంది.

కనక మళ్ళింపుకి ఉన్న హద్దు ఇది. చిరునామా మార్చడం వాచ్‌మన్ చేతిలో ఉంది. గుర్తింపు మార్చడం అతని చేతిలో లేదు. గది యజమాని ఒప్పుకుంటేనే మళ్ళింపు సాఫీగా సాగుతుంది. ఒప్పుకోకపోతే దారి ఆగుతుందే తప్ప మోసం సాగదు. స్కూల్లో ఒక్కోసారి "ఈ పేజీ నిషేధం" అనే మర్యాదైన బోర్డుకి బదులు భయపెట్టే హెచ్చరిక రావడానికి కారణం కూడా ఇదే. అందుకే ఇంట్లో గానీ, కాఫీ షాపు వైఫైలో గానీ అలాంటి హెచ్చరిక వస్తే "ఫరవాలేదు, ముందుకెళ్ళు" అనే బటన్ నొక్కకండి. ఇంటికి వచ్చినవాడి దగ్గర కార్డు లేదని తెలిసీ తలుపు తీయం కదా!

ఒక మినహాయింపు ఉంది, తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి. స్కూలు సొంత లాప్‌టాప్‌లలో "మేమిచ్చే కార్డులు కూడా నమ్ము" అని స్కూలే ముందుగా ఏర్పాటు చేసుకోవచ్చు. అప్పుడు స్కూలు ఫిల్టర్ మధ్యలో నిలబడి, గుప్తలిపి విప్పి చూసి, మళ్ళీ మూసి పంపగలదు. పిల్లల రక్షణ కోసం ఇది చట్టబద్ధంగా చేసే పనే. కాకపోతే మీరు చేయవలసిందొకటి ఉంది. పిల్లలకి స్కూలు ఇచ్చిన లాప్‌టాప్‌లో మీ బ్యాంకు ఖాతా, వీసా దరఖాస్తు, డాక్టరుతో ఉత్తరాలు లాంటివి తెరవకండి. అది స్కూలు వస్తువు, స్కూలు పనికే.

వాచ్‌మన్‌కి ఏం తెలుస్తుంది?

ఇక పిల్లల ప్రశ్న. వాచ్‌మన్ దగ్గర ఎవరు ఎప్పుడు ఏ పేరు అడిగారో రాసుకునే పుస్తకం ఉండవచ్చు. "ఈ లాప్‌టాప్ పదిన్నరకి యూట్యూబ్ అడిగింది" అని అందులో ఉంటుంది. ఏ వీడియో చూశారో దానిలో ఉండదు. కానీ పైన చెప్పినట్టు స్కూలు లాప్‌టాప్‌లో గుప్తలిపి విప్పే ఫిల్టర్, తెర మీద ఉన్నది గమనించే సాఫ్ట్‌వేర్ కూడా ఉండవచ్చు. అంచేత పిల్లలూ, స్కూలు కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు మిస్ వెనకాల నిలబడి ఉన్నట్టే అనుకోండి. అప్పుడు ఏ చిక్కూ ఉండదు.

వాచ్‌మన్‌కి తెలియనివి కూడా చాలా ఉన్నాయి. అతను పేరు వరకే చూడగలడు కాబట్టి ఒక సైటులో మంచి పేజీ ఉంచి చెడ్డ పేజీ ఆపలేడు. ఉంటే మొత్తం ఉంటుంది, పోతే మొత్తం పోతుంది. గది నంబరు ముందే తెలిసినవాడు అతన్ని అడగకుండానే మెట్లెక్కిపోగలడు. మొబైల్ డేటా వాడే ఫోను అసలు ఈ గేటులోంచే రాదు, దానికి వేరే గేటు, వేరే వాచ్‌మన్. వీపీఎన్ అంటే కాంపౌండ్ గోడ కింద తవ్విన సొరంగం. అందుకే మంచి స్కూళ్ళు ఈ మళ్ళింపు ఒక్కదాన్నే నమ్ముకోవు. ఫిల్టర్, గమనింపు, అన్నిటికీ మించి పిల్లలతో మాట్లాడే టీచర్లు, ఇవన్నీ కలిస్తేనే రక్షణ.

2019లో జరిగిన గొడవ

వాచ్‌మన్‌ని దాటిపోయే ఇంకో దారి మీద ఈ దేశంలో పెద్ద చర్చే నడిచింది. వాచ్‌మన్‌ని అడిగే ప్రశ్న మామూలుగా పోస్టుకార్డు లాంటిది, దారిలో ఎవరైనా చదవచ్చు. దాన్ని కవరులో పెట్టి అంటించి పంపే పద్ధతిని 2018 అక్టోబరులో ప్రమాణంగా ప్రచురించారు. మొజిల్లా వాళ్ళు తమ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లో దీన్ని పెట్టే పనిలో పడ్డారు. అయితే కవరు మీ వాచ్‌మన్‌కి కాక, బయట ఎక్కడో ఉన్న వేరే వాచ్‌మన్‌కి వెళ్ళవచ్చు. అప్పుడు స్కూలు మళ్ళింపులు, ఇంటి ఫిల్టర్లు పనిచేయవు. 2019 జులైలో బ్రిటన్ ఇంటర్నెట్ కంపెనీల సంఘం ఐఎస్‌పీఏ ఈ కారణంగా మొజిల్లాని ఆ ఏడాది 'ఇంటర్నెట్ విలన్' బిరుదుకి ప్రతిపాదించింది. వ్యక్తిగత గోప్యతని కాపాడేవాళ్ళని విలన్ అంటారా అని విమర్శలు రావడంతో కొద్దిరోజులకే వెనక్కి తీసుకుంది.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. పెద్దవాడు ఏ పేరు అడిగాడో దారిన పోయేవాళ్ళకి తెలియకూడదు. పదేళ్ళ పిల్లవాడు తరగతిలో ఏ గదికి వెళుతున్నాడో స్కూలుకి తెలియాలి. దీనికి మొజిల్లా ఒక ఉపాయం చేసింది. ఫైర్‌ఫాక్స్ తనంతట తాను కవర్ల పద్ధతికి మారే ముందు స్థానిక వాచ్‌మన్‌ని ఒక ప్రత్యేకమైన పేరు అడుగుతుంది. వాచ్‌మన్ "ఆ పేరు లేదు" అంటే, ఈ నెట్‌వర్కులో వడపోత ఉందని అర్థం చేసుకుని మారకుండా ఊరుకుంటుంది. అంటే స్కూలు చేయవలసిందల్లా ఆ ఒక్క పేరుని మళ్ళించడమే. పైగా బ్రిటన్‌లో దీన్ని వాటంతట అవే మొదలయ్యేలా పెట్టబోమని కూడా మొజిల్లా అప్పట్లో ప్రకటించింది.

మన తెలుగు సైట్ల మాటేమిటి?

ఇది మన బడికి నేరుగా తగిలే విషయం. మనలాంటి వారాంతపు బడులు చాలావరకు ఇంకో స్కూలు గదులు అద్దెకు తీసుకుని నడుస్తాయి. ఆ గదుల్లో కంప్యూటర్లు, ప్రొజెక్టర్లు ఆ స్కూలువి, వాచ్‌మన్ కూడా ఆ స్కూలు వాచ్‌మనే. అక్కడ తెలుగు సైటు తెరుచుకోకపోతే తెలుగంటే గిట్టక ఆపారనుకోకండి. ఎక్కువసార్లు ఆ పేరు ఏ జాబితాలోనూ లేకపోవడమే కారణం. కొన్ని స్కూళ్ళు తెలియని పేర్లన్నీ ఆపేస్తాయి.

ఒక ఉదాహరణ. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాని పేరు 'టీ ఈ' అక్షరాలతో మొదలవుతుంది, ఇంగ్లీషు వికీపీడియా 'ఈ ఎన్' తో మొదలవుతుంది. మనకి రెండూ ఒకటే వికీపీడియా. వాచ్‌మన్‌కి మాత్రం రెండు వేరు వేరు పేర్లు. ఇంగ్లీషు పేరు ఒక్కటే అనుమతిస్తే తెలుగుది మూసే ఉంటుంది. తెలుగు బ్లాగుల సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. బ్లాగ్‌స్పాట్‌లో ఒక్కొక్క బ్లాగుకీ సొంత పేరున్నా చివర ఉన్న ఇంటిపేరు ఒకటే. ఆ ఇంటిపేరునే ఆపితే ఎక్కడో ఉన్న ఒక చెడ్డ బ్లాగుతో పాటు తెలుగు కథల బ్లాగులన్నీ పోతాయి. ఇక తెలుగు లిపిలోనే డాట్ భారత్ అనే పేర్లు కూడా ఉన్నాయి. అవి వాచ్‌మన్ దగ్గరకి వెళ్ళే ముందు ఎక్స్ఎన్ అక్షరాలతో మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల వరుసగా మారిపోతాయి. జాబితాలో రాయవలసింది ఆ వరుసనే.

కాబట్టి అడిగే పద్ధతి తెలిసి అడగాలి. "తెలుగు సైట్లు రావడం లేదు" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. కావలసిన పేర్లు అక్షరం పొల్లుపోకుండా రాసి, ఏ తరగతికి ఎందుకు కావాలో ఒక వాక్యం చేర్చి, టర్మ్ మొదలయ్యే ముందే ఆ స్కూలు నెట్‌వర్కు చూసేవారికి ఇవ్వాలి. ఆంధ్రభారతి నిఘంటువు కావాలంటే ఆ పేరు, తెలుగు వికీపీడియా కావాలంటే ఆ పేరు. మన వైపు న్యాయం కూడా ఉంది. ఇంగ్లండ్‌లో 'కీపింగ్ చిల్డ్రన్ సేఫ్ ఇన్ ఎడ్యుకేషన్' అనే ప్రభుత్వ మార్గదర్శకం 2016 నుంచి తగిన ఫిల్టర్లు ఉండాలని చెబుతూనే, అతిగా ఆపి పిల్లల చదువుకి అడ్డుపడకూడదని కూడా చెప్పింది. విద్యాశాఖ 2023 మార్చిలో ఇచ్చిన ప్రమాణాలు ఫిల్టర్లు ఇంగ్లీషే కాక ఇతర భాషల విషయాలని కూడా పట్టించుకోవాలన్నాయి. ఇది రెండు వైపులా పదునున్న మాట. తెలుగులో ఉన్న చెడుని ఆపాలి, తెలుగులో ఉన్న మంచిని ఆపకూడదు. ఏది ఏదో చెప్పగలిగింది మనమే కదా, తెలుగు రాని నెట్‌వర్కు మేనేజరు కాదు!

ఇంట్లో

2013 ప్రాంతంలో ఈ దేశంలోని నాలుగు పెద్ద బ్రాడ్‌బాండ్ కంపెనీలు కొత్త కస్టమర్లకి కుటుంబ ఫిల్టరు కావాలా వద్దా అని అడగడం మొదలుపెట్టాయి. మీ కంపెనీ వెబ్‌సైటులో అది ఉందో లేదో చూసుకోండి. రౌటర్ సెట్టింగులు మార్చడం తెలిసినవాళ్ళు 1.1.1.3 అనే వాచ్‌మన్‌ని పెట్టుకోవచ్చు. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020 ఏప్రిల్ నుంచి దీన్ని ఉచితంగా ఇస్తోంది. అశ్లీల సైట్లకి, వైరస్ సైట్లకి దారి చెప్పదు. పది నిమిషాల పని.

కానీ రెండో ప్రశ్నకి జవాబు మరిచిపోకండి. "ఇక బెంగ లేదుగా?" అంటే, ఉంది. వాచ్‌మన్ తెలియక దారి తప్పే చిన్నపిల్లల్ని ఆపుతాడు, పట్టుదలగా గోడ దూకే పదిహేనేళ్ళవాడిని ఆపలేడు. ఆ వయసువాడికి కావలసింది ఇంకో తాళం కాదు, "అమ్మా, ఇలాంటిది కనపడింది" అని భయం లేకుండా చెప్పుకోగలిగే ఇల్లు. ఆ మాట వాడు తెలుగులో చెప్పుకోగలిగితే మన బడి కష్టం ఫలించినట్టే.

పిల్లలకో చిన్న పని

అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని, ఇంటి కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఎన్ఎస్‌లుకప్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, మూడు డబ్ల్యూలతో సహా గూగుల్ డాట్ కామ్ పేరు కొట్టండి. వచ్చిన నంబరు ఒక కాగితం మీద రాసుకోండి. తరవాత మీ స్కూల్లో కంప్యూటింగ్ టీచరుని అడిగి, వాళ్ళు సరేనంటేనే, అక్కడ కూడా ఇదే చేయండి. అక్కడ 216.239.38.120 వచ్చిందా? అయితే మీ స్కూలు వాచ్‌మన్ మిమ్మల్ని గూగుల్ రెండో గదికి పంపుతున్నాడు. రెండు నంబర్లూ రాసిన కాగితం వచ్చే వారం మన బడికి తీసుకురండి. బోర్డు మీద అందరివీ పక్కపక్కన రాసి, ఎవరి వాచ్‌మన్ ఏం చెప్పాడో తెలుగులోనే మాట్లాడుకుందాం.